సైకిలు ఫోర్కు తాళము: దూరపు మీట మాని చేతి నాబు నమర్చు విధము

కొండదారులయందును, ఱాళ్ళు తేలిన బాటలయందును నడపుటకై నిర్మింపబడిన సైకిలును మౌంటెన్ బైకు అందురు. ఇట్టి సైకిళ్ళిప్పుడు మన పట్టణములయందే గాక పల్లెలయందును కానవచ్చుచున్నవి. వీనిలో ననేకములకు ముందు చక్రమును పట్టియుండు ఫోర్కు, గతుకు తగిలినప్పుడు క్రుంగి మరల లేచును. ఆ క్రుంగుటను వలసినప్పు డాపుటకు తాళమొకటి కలదు. కొన్ని సైకిళ్ళయందు తాళమును హ్యాండిలుపై నుండు చిన్న మీటతో వేయుదురు. మఱికొన్నింటియందు ఫోర్కు నెత్తిన నుండు నాబును చేతితో త్రిప్పి వేయుదురు. మొదటి యేర్పాటును రెండవదానిగా మార్చుట యెట్లు, అందువలన కలుగు లాభనష్టము లెవ్వి యను విషయము ఈ వ్యాసమునందు వివరింపబడును.

ఇంత చిన్న మరనుగూర్చి యింత వ్రాయవలయునా యని కొందఱడుగవచ్చును. అందులకు రెండు కారణములు కలవు. మొదటిది ధనవ్యయము. మీటనుండి ఫోర్కునకు పోవు సన్నని కేబులు తెగినంతనే ఫోర్కే పోయినదని తలంచి, క్రొత్తదానిని కొన నుద్యుక్తులగు తండ్రులు కలరు. నిజమునకు చెడినది స్వల్పము. రెండవది యంతకంటె ముఖ్యము. ఏ స్థితిలో నున్నదో యెఱుగని ఫోర్కుతో ఱాళ్ళపల్లమున దిగుట ప్రమాదకరము. క్రుంగునని నమ్మిన ఫోర్కు క్రుంగనియెడల ముందు చక్రము ఱాతిపైనుండి యెగురును. హ్యాండిలు చేతిలో నిలువదు.

ఇది యెక్కడ పుట్టినది

అమెరికా దేశమున కాలిఫోర్నియా రాష్ట్రములో మారిన్ కౌంటీ యను ప్రాంతము కలదు. అక్కడి యువకులు పాత లావుచక్రముల సైకిళ్ళను బాగుచేసికొని కొండలనుండి దిగుచుండిరి. 1976వ సంవత్సరమున ఫెయిర్‌ఫాక్సు పట్టణమునకు చేరువనున్న కొండబాటపై వారు పందెములు మొదలు పెట్టిరి. ఆ దారికి ‘రీప్యాకు’ అని పేరు వచ్చెను. దిగునప్పుడు వెనుక చక్రపు బ్రేకు వేడెక్కి, లోపలి గ్రీజు కాలిపోవుటచే, ప్రతి పందెము తరువాతను మరల గ్రీజు కూరవలసి వచ్చెడిది. అందుచేత నా పేరు. ఆ కాలపు సైకిళ్ళకు క్రుంగు ఫోర్కులు లేవు. దెబ్బయంతయు నడపువాని చేతులే యోర్చుకొనవలెను.

1989లో రాక్‌షాక్సు కంపెనీ స్థాపింపబడి, గాలియు నూనెయు గల ఫోర్కును సైకిలునకు తెచ్చెను. మఱుసటి సంవత్సరము, అనగా 1990లో, కొలరాడో రాష్ట్రములోని డురాంగోలో జరిగిన ప్రపంచ పోటీలలో నెడ్ ఓవరెండు, గ్రెగ్ హెర్బోల్డు అనువారలు ఇట్టి ఫోర్కులతోనే జయము పొందిరి. పిమ్మట క్రుంగు ఫోర్కు లోకమంతట వ్యాపించెను. 1996లో అట్లాంటా ఒలింపిక్కు క్రీడలలో మౌంటెన్ బైకు పందెము మొదటిసారి చేర్చబడెను.

ఫోర్కు పనిచేయు విధము

ఫోర్కునకు రెండు కాళ్ళు. ప్రతి కాలునందును పై గొట్టము క్రింది గొట్టములోనికి దిగుచు, లేచుచు నుండును. సాధారణముగా ఎడమకాలిలో స్ప్రింగుండును. అది ఉక్కు చుట్ట గావచ్చును, లేక బిగించి నింపిన గాలి గావచ్చును. కుడికాలిలో నూనెయు, వాల్వులును ఉండును. ఈ రెండింటి పనులు వేఱు. స్ప్రింగు దెబ్బలోని శక్తిని దాచుకొని మరల తిరిగి యిచ్చును. స్ప్రింగు మాత్రమే యున్నయెడల సైకిలు గుఱ్ఱమువలె గంతులు వేయుచునే యుండును. నూనె యా శక్తిని వేడిగా మార్చి గంతులను మాన్పును.

విద్యార్థులు దీనిని చిన్న ప్రయోగముచే తెలిసికొనవచ్చును. సూది లేని ఇంజెక్షను పిచికారిలో నీరు నింపి, పిడిని మెల్లగా నొక్కుడు. నీరు సులభముగా బయటికి వచ్చును. వేగముగా నొక్కుడు; చేతికి గట్టిగా ఎదురు తగులును. సన్నని రంధ్రముగుండ ద్రవము ఎంత వేగముగా పోవలసియుండునో అంత హెచ్చుగా నది నిరోధించును. ఇప్పుడు పిచికారి ముక్కును వ్రేలితో మూసి నొక్కుడు. పిడి కదలనే కదలదు. నీటినిగాని నూనెనుగాని నొక్కి చిన్నది చేయుట దాదాపు అసాధ్యము.

ఫోర్కు తాళము ఈ మూడవ ప్రయోగమే. కుడికాలి నెత్తినుండి లోనికి దిగిన సన్నని కడ్డీని కొంచెము త్రిప్పినయెడల, క్రింద నున్న వాల్వు తిరిగి నూనె పోవు దారిని మూయును. దారి మూసికొనగా నూనె కదలదు. నూనె కదలనిది ఫోర్కు క్రుంగదు. కొన్ని ఫోర్కులలో రక్షక వాల్వు కూడ నుండును. తాళము వేసియుండగా చక్రము పెద్ద ఱాతిని కొట్టినయెడల నూనె పీడనము మితిమీఱి యా వాల్వు తెఱచుకొని లోపలి భాగములను కాపాడును. రక్షక వాల్వు లేని ఫోర్కును తాళము వేసి గతుకులలో నడపినయెడల లోపలి భాగములు చెడవచ్చును.

తాళ మెందుకు?

నున్నని తారురోడ్డుపై ఎక్కునప్పుడు నడపువాడు సీటునుండి లేచి పెడలులపై నిలుచును. అప్పుడు వాని బరువు ప్రతి త్రొక్కునకు ముందునకు వ్రాలును. ఫోర్కు క్రుంగి లేచును. ఆ కదలికకు వలయు శక్తి వాని కాళ్ళనుండియే వచ్చును. నూనెలో వేడియై పోవును. శృంగవరపుకోటనుండి అరకునకు ఎక్కు ఘాటురోడ్డు వంటి దీర్ఘమైన యెక్కుడునందు తాళము వేసికొనుట హాయిగా నుండును. ఱాళ్ళబాట రాగానే దానిని తెఱవవలెను. గతుకులయందు తాళము శత్రువు. చక్రము నేలను విడుచును, నేలను విడిచిన చక్రమునకు బ్రేకు పట్టదు, మలుపు తిరుగదు.

దూరపు మీటలోని మూడు పనులు

మార్పు చేయగోరువారు మొదట నెఱుగవలసిన విషయ మిది. దూరపు మీట గల తాళమునందు మూడు పనులు మూడు వస్తువులచే జరుగుచుండును. లాగుట, మరలించుట, నిలుపుట.

లాగుట కేబులు చేయును. అది సుమారు 1.2 మిల్లీమీటర్ల మందము గల ఉక్కు తీగ. ఫోర్కు నెత్తిన నున్న చిన్న కప్పీకి దాని కొన బిగింపబడియుండును. మీట నొక్కగా తీగ కప్పీని త్రిప్పును. కప్పీ కడ్డీని, కడ్డీ వాల్వును త్రిప్పును. అయితే తీగ లాగగలదు గాని నెట్టలేదు. కావున వెనుకకు మరలించుటకు కప్పీ క్రింద స్ప్రింగొకటి యమర్చియుందురు. నిలుపుట మీటలోని కొక్కెము పని. అది తీగను లాగిన చోటనే పట్టియుంచును. కొక్కెమును విడిపింపగానే స్ప్రింగు కప్పీని మొదటి స్థానమునకు తెచ్చును.

ఇప్పుడు కేబులు తెగినదనుకొందము. లాగునది లేదు, నిలుపునది లేదు. మరలించు స్ప్రింగు మాత్రము మిగిలినది. అది వాల్వు నొకే స్థితిలో నుంచును. ఆ స్థితి యేది? కొన్ని నమూనాలలో తెఱచియుండును, కొన్నింటిలో మూసియుండును. కేబులు లేని కప్పీని వ్రేళ్ళతో త్రిప్పి విడిచిన తోడనే అది మరల వెనుకకు పోవుటయు ఇందువలననే. కేబులు తీసివేసి కప్పీమీద నేదో పిడి యంటించినంతమాత్రమున చేతి తాళము కాజాలదు. స్ప్రింగును తొలగించి, దానికి బదులు నిలుపునట్టి దానిని అమర్చినప్పుడే యగును.

చేతి నాబులో ఆ నిలుపుపనిని సాధారణముగా చిన్న ఉక్కు గుండు చేయును. నాబు తిరుగునప్పుడు గుండు గుంటలో పడి టక్కుమనును. ఆ శబ్దమే నాబు సరియైన చోట నిలిచినదనుటకు సాక్ష్యము.

మార్చుట యెవరికి తగును?

దూరపు మీట నిష్ప్రయోజనమని నా యభిప్రాయము గాదు. పందెములో నిమిష నిమిషమునకు దారి మాఱుచుండును. అక్కడ హ్యాండిలునుండి చేయి తీయకుండ తాళము వేయుటయు తీయుటయు గొప్ప సదుపాయము. కాని బడికిని, బజారునకును, సెలవుదినమున కొండకును పోవు సైకిలునకు అంత వేగము అవసరము లేదు. అట్టివానికి కేబులు భారమే. వానకాలమున నీరును, వేసవిలో ధూళియు పై గొట్టములో చేరును. తీగ త్రుప్పుపట్టి బిగియును. బిగిసిన తీగ కప్పీని పూర్తిగా మరలనీయదు. వాల్వు సగము మూసి, సగము తెఱచి యుండును. ఇది తెగుటకంటెను చెడ్డది, ఏలయన పైకి కనబడదు. చేతి నాబునందు తీగ లేదు, త్రుప్పు లేదు. హ్యాండిలుపై నొక వస్తువు తగ్గును.

పనికి ముందు

1. కేబులును, పై గొట్టమును మార్చినంతమాత్రమున చాలునేమో మొదట చూడవలెను. అవి గేర్లకు వాడునట్టివే; ఖర్చు స్వల్పము. మీటయందే దోషమున్నప్పుడుగాని, దూరపు మీట యక్కఱలేదని నిశ్చయించుకొన్నప్పుడుగాని మార్పునకు పూనుకొనవలెను.

2. ఫోర్కు పేరు, నమూనా, తయారైన సంవత్సరము తెలిసికొనవలెను. పేరును, నమూనాయు ఫోర్కుమీద వ్రాసియుండును. అంకెలు గల చీటియు తఱచుగా వెనుకవైపున నంటించియుందురు. ఎస్.ఆర్. సన్‌టూర్ వారి ఫోర్కులపై ఆర్.ఎల్. అను అక్షరములు దూరపు మీటను తెలుపును. ఒకే పేరుగల ఫోర్కునకు కూడ సంవత్సరమునుబట్టి లోపలి భాగములు మాఱును. కావున ‘ఇది దానికి సరిపోవును’ అను నోటిమాటను నమ్మి నాబును కొనరాదు.

3. నాబు మాత్రము మార్చిన చాలునా, లేక లోపలి వాల్వు కడ్డీని కూడ మార్చవలెనా యని విచారింపవలెను. కొన్ని నమూనాలలో కడ్డీ రెండింటికి నొక్కటే. కప్పీ తీసి నాబు పెట్టినయెడల సరిపోవును. కొన్నింటిలో చేతి తాళమునకు వేఱు కడ్డీ, వేఱు మూత కావలెను. ఈ రెండవ రకము పని నూనెతో కూడినది. దానిని సైకిలు పనివానికి విడుచుట మేలు. తీగకు బదులు నూనె గొట్టముతో పనిచేయు దూరపు మీటలకును ఇక్కడ చెప్పబోవు పద్ధతి వర్తింపదు.

పని చేయు విధము

నాబు మాత్రము మార్చిన చాలు ఫోర్కునకు ఈ క్రమము.

1. సైకిలును నిటారుగా నిలువబెట్టి, ఫోర్కు నెత్తిని తడిగుడ్డతో తుడిచి యారబెట్టవలెను. మురికి లోపలికి పోయిన నూనె ముద్రలు చెడును.

2. క్రింద తెల్లని గుడ్డ పఱచుకొనవలెను. అమర్చియున్న కప్పీని నాలుగు ప్రక్కలనుండి ఫోనుతో ఫోటో తీసికొనుట మంచిది. తిరిగి అమర్చునప్పుడు జ్ఞాపకముకంటె ఫోటో నమ్మదగినది.

3. మీటను విడిచి తీగను వదులు చేయవలెను. కప్పీమీద తీగను బిగించిన చిన్న మరను అలెన్ కీతో వదులు చేసి, తీగను లాగివేయవలెను. తీగ కొన పోగులు పోగులుగా విడిపోయియున్నయెడల ముందు దానిని కత్తిరించుడు. ఆ పోగులు సూదులవలె వ్రేళ్ళలో దిగును. పిమ్మట హ్యాండిలుపై మీటను, పై గొట్టమును తీసివేయవలెను.

4. కప్పీని పట్టియుంచు మరనుగాని, ఉక్కు వలయమునుగాని తీసి, ఒక చేతిని పైన కప్పియుంచి కప్పీని నిలువుగా పైకెత్తవలెను. క్రింద నున్న స్ప్రింగు ఎగిరిపోవచ్చును. తీసిన ప్రతి వస్తువును తీసిన వరుసలోనే గుడ్డపై నుంచవలెను.

5. కప్పీ క్రింద వెడల్పైన పెద్ద మూత కనబడును. దానిని త్రిప్పరాదు. దాని క్రిందనే నూనె యున్నది. ఎడమకాలి మూతను అసలే ముట్టరాదు. అది గాలి ఫోర్కైనయెడల లోపల బిగించిన గాలి యుండును, దాని దెబ్బకు మూత ముఖమునకు తగులవచ్చును.

6. బయటపడిన కడ్డీ కొనను వ్రేళ్ళతో మెల్లగా ఇరువైపుల త్రిప్పి చూడవలెను. స్ప్రింగు లేనందున ఇప్పుడది త్రిప్పిన చోటనే నిలుచును. ఫోర్కును నొక్కి చూచుచు, ఏ కొనలో తాళము తెఱచియున్నదో, ఏ కొనలో మూసియున్నదో గుర్తింపవలెను.

7. కడ్డీని తెఱచిన కొనకు త్రిప్పియుంచి, నాబు క్రింది ఉక్కు గుండునకు కొంచెము గ్రీజు రాసి దాని గుంటలో కూర్చుండబెట్టవలెను. గ్రీజు గుండును పట్టియుంచును; లేనిచో నది దొర్లి కంటికి కనబడకుండ పోవును. నాబుమీది బాణపు గుఱుతు ‘తెఱచినది’ అను వైపునకు వచ్చునట్లు నాబును కడ్డీపై దింపవలెను.

8. నాబు మరను వ్రేళ్ళ బలముతోనే బిగింపవలెను. ఇవి చిన్న మరలు. ఫోర్కు నెత్తి తఱచుగా అల్యూమినియము. బలముగా బిగించినయెడల మర చుట్లు అఱిగి, స్వల్పమైన పని పెద్దదగును.

నాబు దొరకనప్పుడు

తగిన నాబు దొరకువఱకు తాత్కాలికముగా చేయదగిన దొకటి కలదు. స్ప్రింగు తనంత తాను వాల్వును తెఱచియుంచు నమూనాయైనయెడల, కేబులు తీసివేసి యట్లే నడపవచ్చును. ఫోర్కెల్లప్పుడు క్రుంగుచుండును, అంతే. స్ప్రింగు మూసియుంచు నమూనాయైనయెడల, గేరు తీగ కొననుండు చిన్న గుండును గుఱుతుంచుకొనుడు. జానెడు తీగ ముక్కను గుండుతోకూడ కత్తిరించి, పై గొట్టము వచ్చి యానుకొను రంధ్రమునుండి దూర్చవలెను. గుండు రంధ్రమున నడ్డుపడును. కప్పీని వ్రేళ్ళతో తెఱచు వైపునకు త్రిప్పి, తీగ రెండవ కొనను కప్పీ మరతో బిగింపవలెను. కప్పీ ఇక వెనుకకు పోజాలదు. తాళము లేకపోయినను ఫోర్కు క్షేమకరమైన స్థితిలో నుండును.

పరీక్ష

పని ముగియగానే రోడ్డెక్కరాదు. ముందు బ్రేకు పట్టి, హ్యాండిలుపై బరువు వేసి నొక్కుడు. తాళము తెఱచియున్నప్పుడు ఫోర్కు మెత్తగా దిగవలెను. మూసినప్పుడు కొంచెమే కదలి ఆగవలెను. పదిసార్లు వేసి తీసి చూడుడు. ప్రతిసారియు టక్కుమను శబ్దము స్పష్టముగా వినబడవలెను. హ్యాండిలును రెండు వైపుల పూర్తిగా త్రిప్పి, బ్రేకు, గేరు కేబులులు నాబునకు తగులకుండుట చూడుడు. నెత్తిన నూనె చెమ్మ కనబడినయెడల పని నాపి, తెలిసినవానికి చూపవలెను. పిమ్మట చదునైన దారిలో మెల్లగా నడపి, చిన్న గతుకులపై దాని నడకను గమనింపవలెను.

పోయిన దేమి, వచ్చిన దేమి

చేతి నాబువలన ఒక సౌకర్యము పోవును. తాళము వేయుటకు హ్యాండిలునుండి ఒక చేయి తీసి క్రిందికి చాపవలెను. పల్లమున దిగుచు ఈ పని చేయుట అవివేకము. ఎక్కుడు మొదలుకాకముందు తాళము వేయుడు. శిఖరమున నిలిచి, తీసి, పిమ్మట దిగుడు. దిగుటకు ముందు బ్రేకులను చూచుకొను అలవాటు కలవారు, ఆ రెంటితోపాటు నాబును కూడ తడవి చూచుకొన్నయెడల మఱపు రాదు. పిల్లలకు సైకిలు నిచ్చు పెద్దలు నాబును తెఱచిన స్థితిలో నుంచి యిచ్చుట మంచిది.

మీటను విడువగానే ఫోర్కును మరలించు పని యింతవఱకు స్ప్రింగు చేయుచుండెను. ఇప్పుడా స్ప్రింగు లేదు. దాని పనిలో ఒక పాలు నాబులోని ఉక్కు గుండునకు వచ్చినది. రెండవ పాలు నడపువాని జ్ఞాపకమునకు వచ్చినది. మరలో తగ్గించిన భాగము మనుష్యుని యందు జాగ్రత్తగా చేరినప్పుడే ఇట్టి మార్పు మేలగును. కేబులు తెగిన సైకిలు ఎవరి యింట నున్నను, క్రొత్త ఫోర్కునకు వెల విచారించుటకు ముందు ఆ చిన్న కప్పీని వ్రేళ్ళతో త్రిప్పి, అది యే వైపునకు మరలుచున్నదో చూడుడు. ఏమి చెడినదో, ఏమి మిగిలియున్నదో అదియే చెప్పును.